అమ్మోనియా వాసన

"మీరు ఇక్కడే కూర్చోండమ్మా, నేనొక్కణ్ణే తిరిగి చూసొస్తాను. యజమాని పక్కనుంటే పనివాళ్ళు నోరు విప్పరు" అని చెప్పి, ఏలూరు నుంచి వచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగారు మిషను గదివైపు వెళ్ళిపోయాక, సూర్యావతికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్లమీద పెట్టింది, ఒళ్ళో పెట్టుకుంది, చివరికి కొంగు అంచు పట్టుకుని కూర్చుంది. ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి రావడం లేదు. ఏప్రిల్ ఎండ కిటికీ చువ్వల్లోంచి పడి సిమెంటు నేలమీద గళ్ళు గళ్ళుగా పరుచుకుంది. గోడ అవతల మిషను తన మామూలు చప్పుడు తను చేసుకుంటోంది, దబదబ మని కాదు, గున్న ఏనుగేదో నెమరు వేస్తున్నట్టు ఒకే తూగుతో. ఏనుగులు నెమరు వెయ్యవని భర్త బతికుంటే నవ్వేవారు. గది మూల ఇన్‌స్పెక్టరుగారి గొడుగు, పక్కన చిన్న స్టీలు క్యారేజీ, మంచినీళ్ళ సీసా. ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణట, సంతకానికి చోటు చాలదేమో పాపం. కాఫీ ఇమ్మంటారా అంటే వద్దన్నారు, కొబ్బరిబొండం అంటే వద్దన్నారు, మా ఆవిడ పెరుగన్నం కట్టిచ్చిందండి అన్నారు సిగ్గుపడుతూ, అదేదో తప్పు చేసినట్టు. మంచి భోజనం పెట్టించి పంపించండి వదినా, చూసీచూడనట్టు పోతాడు అని మరిది పల్లంరాజు నిన్న ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పెరుగన్నం తెచ్చుకున్న మనిషికి ఏం పెట్టిస్తాం. ఈ తనిఖీ కోసం గోడకి వేయించిన కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. సున్నం వేయించడం కూడా అబద్ధం లాంటిదేనేమో.

ఇలా గదిలో కూర్చుని అవతల ఎవరో తనని తూచి చూస్తుంటే మాటలు వినబడక చెవులు రిక్కించడం ఇది రెండోసారి. పెళ్ళిచూపులప్పుడూ ఇంతే. ఘోషా పాటించే తమ ఇళ్ళల్లో పిల్లని మగవాళ్ళ ముందుకి తీసుకురారు, ఆడవాళ్ళొచ్చి చూసి వెళతారు, మగవాళ్ళు బయట సావిట్లో కూర్చుని చెరువుల గురించి వరి గురించి మాట్లాడుకుంటారు. అప్పుడు సావిట్లోంచి ఒక దగ్గు వినబడింది, ఆ దగ్గే తర్వాత తన మొగుడైంది. సీతారామరాజు గారు జీవితమంతా అలాగే దగ్గేవారు, ఏదైనా చెప్పాలనుకుని చెప్పలేనప్పుడు. ఈ ఐసు ఫ్యాక్టరీ పెడుతున్నానని చెప్పడానికి ముందు కూడా దగ్గారు. చేపల చెరువులు తవ్వుతున్న రోజులు, ఊరంతా వరి పొలాలు కొట్టేసి నీళ్ళు పెడుతున్నారు, అందరూ చేపలు పెంచుతుంటే ఐసు ఎవడో ఒకడు చెయ్యాలి గదా అన్నారు. ఉండి రోడ్డు పక్కన ఈ స్థలం, కాకినాడ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిని ఒకణ్ణి తెచ్చాను, పేరు లాజరు, మిషనంటే ప్రాణం పెడతాడు అన్నారు. తర్వాత రొయ్యలొచ్చాయి, రొయ్యలకి జబ్బులొచ్చాయి, ఎంతమంది పైకెళ్ళారో ఎంతమంది కిందికొచ్చారో, ఐసు దిమ్మలు మాత్రం రోజూ డబ్బాల్లోంచి జారి బయటికి వస్తూనే ఉన్నాయి. అన్నేళ్ళలో తను ఈ ఫ్యాక్టరీ చూసింది లేదు. కారు అద్దాలకి పరదా ఉండేది. ఆ పరదాలోంచి ఒకసారి పొగగొట్టం లాంటిదేదో కనిపిస్తే అదేనా మనది అని అడిగింది, అది పక్క రైసుమిల్లుది అన్నారు ఆయన, మనకి పొగ రాదు, మనది చల్లటి వ్యాపారం.

చల్లటి వ్యాపారం చేసిన మనిషి మండే ఎండలో, చెరువు గట్టుమీద, ఎవరో మంచినీళ్ళు తెచ్చేలోపే పోయారు. పదకొండో రోజు అయ్యాక పల్లంరాజు వచ్చి ఫ్యాక్టరీ కౌలుకిచ్చేద్దాం వదినా అన్నాడు. మంచి మాటే, చెడ్డవాడేం కాదు, కాస్త తొందరెక్కువ. ఆ సాయంత్రమే లాజరు వచ్చాడు. వీధి గుమ్మంలోకి రాడు, పెరటి వాకిట్లో తులసికోటకి అంత దూరాన నిలబడి, తల వంచుకుని, చేతిలో తువ్వాలు నలుపుతూ, "అమ్మగారూ, కౌలుకిస్తే మిషను పాడైపోద్దండి. సొంతంగా చూసుకునేవాళ్ళు కాకపోతే నూనె కూడా మార్చరండి. మీరొచ్చి కుర్చీలో కూర్చుంటే చాలండి, మిగతాది నేను చూసుకుంటానండి" అన్నాడు. ఏడుస్తున్నాడో ఏమో చీకట్లో తెలియలేదు. తను తలుపు వెనక నుంచి, నాకేం తెలుసు లాజరూ అంది. "నేర్చుకుంటారండి. నేను నేర్చుకోలేదాండీ." ఎంత తేలిగ్గా అన్నాడో. అత్తగారు బతికుంటే ఏమనేవారో, ఇంటి కోడలు రోడ్డుమీద ఐసు అమ్ముకుంటుందా అనేవారు, అని తర్వాత రోజూ సాయంత్రం ఇవాళ ఎన్ని లోడ్లు వెళ్ళాయి అని కూడా అడిగేవారు.

మొదటిరోజు మిషను గదిలోకి అడుగు పెడితే ముక్కుపుటాలు అదిరిపోయాయి. కొంగు గబుక్కున ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "కొంగు తియ్యండి అమ్మగారూ" అన్నాడు లాజరు, మామూలుగా ఆమెతో ఆ గొంతుతో ఎవరూ మాట్లాడరు, బడిలో మేష్టరు అన్నట్టు. "ఈ వాసన మీరు గుర్తుపెట్టుకోవాలండి. ఈ పైపుల్లో తిరిగేది అమ్మోనియా గ్యాసండి. మంచిదేనండి, పైపులో ఉన్నంతసేపూ. బయటికొచ్చిందంటే మాత్రం ముందు ముక్కుకి చెప్తది, తర్వాత కళ్ళకి, ఆ తర్వాత ఇంక చెప్పదండి." అలా చెప్పి ఆమెని గది అంతా తిప్పాడు. చన్నీళ్ళ పైపు మీద చెయ్యి వెయ్యమన్నాడు, మంచు పట్టిన పైపు దగ్గర చెయ్యి వెయ్యొద్దన్నాడు, అంటుకుపోతుందట. చెక్క మూతల మీద నడిచేటప్పుడు కాలు ఎక్కడ వెయ్యాలో చూపించాడు, కింద ఉప్పునీళ్ళ తొట్టి, అందులో డబ్బాలు వరసగా మునిగి ఉంటాయి, ఒక్కో డబ్బాలో ఒక్కో దిమ్మ గడ్డకడుతూ. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఆమెకి ఏదీ ఇంత ఓపిగ్గా నేర్పలేదు. వంట కూడా చూసి నేర్చుకుందే. రెండో నెలకల్లా వీధి గేటు దగ్గరే వాసన తేడా తెలిసిపోయేది ఆమెకి. అమ్మగారికి ముక్కొచ్చేసిందండి అని లాజరు అందరికీ చెప్పుకున్నాడు, తన పిల్లకి ఫస్టు క్లాసు వచ్చినట్టు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ కడుపులో వెచ్చగా ఉంటుంది.

కిటికీలోంచి ఇన్‌స్పెక్టరుగారు కనిపిస్తున్నారు. ఐసు నలగ్గొట్టే మిషను దగ్గర వంగి చూస్తున్నారు. దాని నోటికి ఉండాల్సిన ఇనప మూత గోడకి ఆనించి ఉంది, పొద్దున పెట్టమని చెప్పింది, పెట్టలేదు, పెడితే దిమ్మలు తొయ్యడం ఆలస్యమవుతుందంటారు. పక్కన చిన్నమ్మాయి నిలబడి ఆయనకేదో చెబుతోంది. చిన్నమ్మాయి అంటే చిన్నమ్మాయేం కాదు, మనవలున్న మనిషి, యార్డు ఊడ్చి దిమ్మల మీద ఊక చల్లుతుంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు అలా ఉండిపోయింది. దాని నోరు ఆగదు. ఏం చెబుతోందో. జీతం సరిగ్గా ఇస్తున్నామని చెబుతుంది, అది నిజమే. కాళ్ళకి బూట్లు ఇచ్చారా అని అడుగుతారు, ఇచ్చాం, వేసుకోరు, బూట్లలో నీళ్ళు దూరితే ఇంకా చల్లగా ఉంటాయని. అవును, అది తన తప్పే, మంచి బూట్లు తేవాలి. ఇదివరకొచ్చిన ఇన్‌స్పెక్టరు గ్యాసు మాస్కులు కొనమంటే సీతారామరాజు గారు రెండు కొన్నారు, కొని ఏం చేశారు, ఖరీదైనవి, పనివాళ్ళు పాడుచేస్తారని ఇంట్లో టేకు బీరువాలో తన పట్టుచీరల పక్కన పెట్టి తాళం వేశారు. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే రెండు నల్లటి మొహాలు గాజుకళ్ళతో తనని చూశాయి, కెవ్వుమంది. నాఫ్తలీను గోళీల వాసనేస్తున్న ఆ మాస్కులే నిన్న తెచ్చి మిషను గదిలో మేకుకి తగిలించింది. ఆయన్ని తలుచుకుని నవ్వొచ్చింది, నవ్వు వెంటనే ఆగిపోయింది. మాస్కులు కాదు ఇప్పుడు సంగతి. మూత కాదు, బూట్లు కాదు. అవన్నీ కళ్ళున్నవాడికి కనపడతాయి. కనపడనిది ఒకటుంది ఈ ఫ్యాక్టరీలో, అది తనకి తెలుసు, లాజరుకి తెలుసు.

లాజరుకి వాసన తెలియదు.

ఈ మాట మనసులోనైనా ఇంత సూటిగా, మొత్తం వాక్యంగా అనుకోవడం ఇదే మొదలు. ఎప్పట్నుంచో మరి. ఈస్టరు పండక్కి లాజరు భార్య సంపూర్ణమ్మ కేకు పట్టుకొచ్చినప్పుడు నవ్వుతూ చెప్పింది, ఈయన ఈ మధ్య పరిశుద్ధుడైపోయాడండి అమ్మగారూ, ఏం వండినా మాట్లాడకుండా తింటున్నాడండి, మొన్న చేపల పులుసు అడుగంటితే కూడా బాగుంది అన్నాడండి, చెప్పొద్దూ, భయమేసిందండి. ఇద్దరూ నవ్వుకున్నారు. పులుసులో మామిడికాయ ముక్క ఒకటి ఎక్కువైతే గిన్నె పక్కకి తోసే మనిషి. తర్వాత గంధకం వత్తులు. గ్యాసు ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఒక పద్ధతుంది, గంధకం పూసిన వత్తి వెలిగించి పైపుల కీళ్ళ దగ్గర పెడితే, కారే చోట తెల్లటి పొగ లేస్తుంది. లాజరు ఎప్పుడూ అవి ముట్టుకునేవాడు కాదు, ముక్కులేనోళ్ళకండి ఆ వత్తులు అనేవాడు. అలాంటివాడు ఈ మధ్య చొక్కా జేబులో వత్తులు పెట్టుకు తిరుగుతున్నాడు. తను వస్తుంటే ఆర్పి దాస్తున్నాడు. మిషను గదిలో గంధకం కంపు. దీపావళి మర్నాటి వాకిలిలా. ఆ కంపు సూర్యావతికి తెలుస్తుందని లాజరుకి తోచలేదు, ఎందుకంటే అతనికది తెలియడం లేదు. అదే దుఃఖం. దాచిపెట్టడం కూడా రాలేదు పాపం.

పోయిన వారం సాయంత్రం ఇంటికి బయల్దేరబోతూ మిషను గదిలోకి తొంగిచూసింది. గుమ్మంలోనే వాసన. పెద్దది కాదు, సన్నగా, ఎండుమిరపకాయ ఘాటు దూరాన్నుంచి వచ్చినట్టు. లాజరు ఆ వాసన మధ్యలోనే స్టూలు మీద కూర్చుని వార్తాపత్రిక చదువుకుంటున్నాడు. ఏదో సినిమా బొమ్మ చూసి చిన్నగా నవ్వుకుంటున్నాడు. తను అక్కడే నిలబడిపోయింది. ఇంకా ఘాటెక్కితే ఎలాగూ కళ్ళు మండుతాయి, అప్పుడు తెలుస్తుంది, కాని వాసనగా తెలిసిన దానికీ మంటగా తెలిసిన దానికీ మధ్య ఉండే కాస్త వ్యవధే మనిషికి పారిపోవడానికో వాల్వు కట్టడానికో ఉండేది, అది లాజరే చెప్పాడు. "లాజరూ, ఆ మూల పైపు మీద మంచు ఎక్కువ పట్టినట్టుంది, కాస్త చూడు" అంది. ఏదో అనాలి గదా. లేచి వెళ్ళాడు, చూశాడు, ఆమె నిలబడ్డ తీరు చూశాడు. జేబులోంచి వత్తి తీసి వెలిగించాడు. తెల్లటి పొగ బుసబుసా లేచింది. పానా తెచ్చి బిగించాడు. బిగించాక మళ్ళీ వత్తి పెట్టి చూసుకున్నాడు. "చిన్నదేనండి" అన్నాడు ఆమెవైపు చూడకుండా. "అవును, చిన్నదే" అంది తను. అంతే. కారెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. ఒక మనిషి పరువు కాపాడాననుకుంది దారిలో. గేటు దాటి మలుపు తిరిగేటప్పుడు ఫ్యాక్టరీ వెనక గోడ, గోడకి ఆనుకుని పేట, పేట మొదట్లో లాజరు ఇల్లు, ఇంటిముందు సంపూర్ణమ్మ చేటలో బియ్యం చెరుగుతూ కనిపించింది. గాలి ఎప్పుడూ అటే వీస్తుంది, సముద్రం మీంచొచ్చి ఫ్యాక్టరీ మీదుగా పేటమీదికి. అప్పట్నుంచి నిద్ర లేదు.

చెబితే ఏమవుతుంది. భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీల్లో ఎక్కడ గ్యాసు కారినా లాజరుని పంపండి అని ఫోను చేస్తారు. వెళ్ళి గుమ్మంలో నిలబడి తల కాస్త పైకెత్తి కుక్కపిల్లలా గాలి పీల్చి, అదిగో ఆ మూడో కీలు అని చూపించి వచ్చేసేవాడు. ఈ మధ్య పిలిస్తే నడుం నొప్పి అంటున్నాడు. లూథరన్ చర్చిలో కానుకలు పట్టే పెద్దల్లో ఒకడు, అక్కడ కూడా ఆయన్ని ఐసు లాజరుగారు అంటారు. ఆ పేరులోంచి ఐసు తీసేస్తే మనిషికేం మిగులుతుంది. వయసొచ్చింది, ఇంకోచోట ఎవరు పెట్టుకుంటారు. చెప్పకపోతే ఏమవుతుంది. ఏమీ కాకపోవచ్చు కూడా. రోజుకి పదిసార్లు వత్తులు వెలిగించుకుంటూ, ఇంకో నాలుగేళ్ళు నెట్టుకొస్తాడు. లేకపోతే ఒక తెల్లవారుజామున. అక్కడ ఆలోచన ఆగిపోతుంది, ఆగిపోయి సంపూర్ణమ్మ చేట దగ్గరికి వెళుతుంది. అసలు ఆయన్ని పిలిచి తనే అడగచ్చు గదా, లాజరూ, నీకు వాసన పోయిందా అని. వారం రోజులుగా ఆ ఒక్క మాట గొంతులోకి వచ్చి వెనక్కి పోతోంది. సీతారామరాజు గారు ఎందుకు దగ్గేవారో ఇప్పుడు తెలుస్తోంది.

ఇన్‌స్పెక్టరుగారు గుమ్మంలో నిలబడి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. ఎప్పుడు వచ్చారో చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, సీసాలో నీళ్ళు తాగి, ఒక్కొక్కటే చెప్పారు, కోపం లేకుండా, ఇంటికొచ్చిన బంధువు పెరట్లో కూరమొక్కల గురించి చెప్పినట్టు. ఐసు నలగ్గొట్టే మిషనుకి మూత పెట్టకుండా నడపకూడదు, చెయ్యి పోతే మళ్ళీ రాదు. మిషను గది వెనక తలుపుకి అడ్డంగా ఉప్పు బస్తాలు పేర్చారు, గ్యాసొస్తే మనుషులు ఎటు పోతారు. చెక్క మూతలు రెండు విరిగాయి. "మాస్కులు లోపల తగిలించారు. గ్యాసు నిండిన గదిలోకెళ్ళి మాస్కు తెచ్చుకుని బయటికొచ్చి పెట్టుకోవాలాండీ?" సూర్యావతి నాలిక్కరుచుకుంది. ఆయన నవ్వారు. "పైగా వాటిలో గ్యాసుని ఆపే మందు ఎప్పుడో అయిపోయింది, కొత్తవి తెప్పించండి. ఇవన్నీ నెలలోపు చేస్తే చాలమ్మా, మళ్ళీ వచ్చి చూస్తాను. ఒకటి మాత్రం చెప్పాలి, మీ ఆపరేటరు లాజరుగారు మంచి మనిషి. మిషను అద్దంలా ఉంచారు. గ్యాసు వాసన పట్టడంలో ఆయన ముక్కుని మించిన యంత్రం లేదని మీ వాళ్ళందరూ చెబుతున్నారు. ఆయనున్నంతవరకు మాకు భయం లేదండి అంటున్నారు."

ఆయన లేవబోతున్నారు. గొడుగు కోసం చెయ్యి చాపారు. లేచి వెళ్ళిపోతే అయిపోతుంది. మూత పెట్టించి, బస్తాలు తీయించి, కొత్త మాస్కులు తెప్పించి, నెల తర్వాత మళ్ళీ పెరుగన్నంతో వస్తారు. ఆయనున్నంతవరకు భయం లేదు. అందరూ ఆ ముక్కు మీద తలలు పెట్టుకుని నిద్రపోతున్నారు, పేట పేటంతా, ఆ ముక్కేమో ఖాళీ. సూర్యావతికి తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"లాజరుకి వాసన తెలీదండి."

ఇన్‌స్పెక్టరుగారు గొడుగు వదిలేసి మళ్ళీ కూర్చున్నారు. "ఎప్పట్నుంచి?"

"ఆయనకెప్పట్నుంచో తెలీదండి. నాకు తెలిసింది పోయిన వారం."

"ఈ వారం రాత్రి డ్యూటీ ఎవరు చేశారమ్మా?"

"ఆయనేనండి." ఇంకేదో అడిగేలోపు తనే చెప్పింది. "నేను ఇంటిదగ్గర నిద్రపోలేదండి. కిటికీ తీసుకుని కూర్చునేదాన్ని. మిషను చప్పుడు గాలివాటున మా ఇంటిదాకా వినబడుతుంది. అది వినబడుతున్నంతసేపూ బానే ఉన్నాడనుకునేదాన్ని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళు గ్యాసు పక్కన కూర్చున్న ముక్కమ్మా అది. ఏటా డాక్టరుకి చూపించారా?"

"లేదండి. చూపించాలని తెలీదండి."

"చూపించాలి. అది మీరు చెయ్యాల్సిన పని, ఆయన అడగాల్సింది కాదు. తప్పు ఆయనది కాదని ముందు ఆయనకి చెప్పండి. ఆయన్ని పనిలోంచి తియ్యమని నేను అనను. ఒంటరిగా పెట్టకూడదంటాను. వాసన తెలిసిన మనిషి ఇంకొకరు ప్రతి డ్యూటీలో పక్కన ఉండాలి. ఆ మనిషి దొరికి, వెనక తలుపు తెరుచుకుని, మాస్కులు వచ్చేదాకా మిషను ఆపండి." ఆ చివరి మాట ఆయన మెల్లగా అన్నారు, కిటికీలోంచి ఎండవైపు చూస్తూ. ఆయనకీ తెలుసు, ఏప్రిల్లో ఈ ఊళ్ళో ఐసు ఆపమనడం అంటే ఏంటో. రొయ్యల పట్టుబడి మొదలైంది. "అలాగేనండి" అంది సూర్యావతి. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, నోట్లోంచి చేపముల్లు వచ్చేసినట్టు.

లాజరుని పిలవాల్సిన పని లేకపోయింది. గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు, తువ్వాలు నలుపుతూ. ఎంతసేపట్నుంచి ఉన్నాడో మొహం చూస్తే తెలుస్తోంది. ఆమె లేచి నిలబడింది. అతనికేదో చెప్పాలని ఇన్‌స్పెక్టరుగారు నోరు తెరిచి, ఇద్దరినీ చూసి, గొడుగూ క్యారేజీ తీసుకుని, చెట్టు నీడలో అన్నం తింటానండి అని బయటికి వెళ్ళిపోయారు. లాజరు ఆమెవైపు చూడలేదు, తిరిగి మిషను గదిలోకి నడిచాడు. సూర్యావతి వెనకే వెళ్ళింది. మొదట ఒక వాల్వు కట్టాడు, మీటరు ముల్లు దిగేదాకా చూశాడు, ఇంకొకటి కట్టాడు, చివరికి స్విచ్చి బోర్డు దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగి, దించేశాడు. పెద్ద చక్రం తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి నిలబడిపోయింది. చప్పుడు పోయిన చోట చెవులు గుయ్‌మన్నాయి. ఉప్పునీళ్ళ తొట్టిలో ఎక్కడో ఒక దిమ్మ కిర్రుమంది. లాజరు ఆ చక్రం మీద అరిచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నేనే చెప్పాను" అంది సూర్యావతి.

"విన్నానండి."

"నీతో ముందు చెప్పాల్సింది. నోరు రాలేదు."

మీకు నేర్పినందుకు ఇదా అంటాడేమో అనుకుంది. "నాకూ రాలేదండి" అన్నాడు లాజరు. "రోజూ అనుకునేవోణ్ణండి, ఇవాళ అమ్మగారికి చెప్పేయాలని. ఇన్‌స్పెక్టరుగారు నన్నడిగారండి, వాసన ఎలా పడతారని. అలవాటండి అన్నాను. ఆ మాట అనేసరికి నాకే సిగ్గేసిందండి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చలికాలంలో జలుబు చేసి పోయిందనుకున్నానండి. జలుబు తగ్గిందిగాని అది రాలేదండి. అన్నం పెడితే వేడి తెలుస్తది, కూర ఏంటో తెలీదండి. సంపూర్ణానికి చెప్పలేదండి. అది అందరికీ చెప్పేస్తది."

"తప్పు నీది కాదని చెప్పమన్నారు ఇన్‌స్పెక్టరుగారు. నేను చూపించాల్సిందట, ఏటా, డాక్టరుకి. రేపు కాకినాడ పెద్దాసుపత్రికి వెళదాం."

"వస్తదంటారాండీ?"

"తెలీదు."

ఆమె అబద్ధం చెప్పనందుకు అతని మొహం కాస్త తేటపడ్డట్టు కనిపించింది, లేకపోతే తనకే అలా అనిపించిందో. స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి. కాసేపటికి తనంతట తనే అన్నాడు, "చిన్నమ్మాయిని పెట్టండమ్మగారూ, నా పక్కన. ఆడమనిషని చూడకండి. దాని ముక్కు మామూలుది కాదండి. ఎవరింట్లో ఏం కూర వండారో గేటు దగ్గరే చెప్పేస్తదండి. వాల్వులు కట్టడం నేను నేర్పుతానండి." ఇంత దుఃఖంలోనూ సూర్యావతికి నవ్వొచ్చింది. "రాత్రి డ్యూటీకి?" అంది. "దాని తమ్ముడున్నాడండి, వాడికీ అదే ముక్కండి. నోరు కూడా అదేనండి, మరి మీరు భరించాలి." అతను కూడా నవ్వాడు, నవ్వుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

మిషను ఆగిన సంగతి పేటకి తెలిసిపోయింది. చప్పుడు వినబడితే ఎవరూ పట్టించుకోరు గాని, ఆగితే అందరూ వింటారు. గేటు దగ్గర మనుషులు పోగయ్యారు. సంపూర్ణమ్మ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మొగుడు నిలబడి ఉన్నాడో లేదో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంది. ఏమైందండి అని అతన్ని అడగలేదు, సూర్యావతిని అడిగింది. సూర్యావతి లాజరువైపు చూసింది. "నువ్వే చెప్పు" అంది. వాళ్ళిద్దర్నీ వదిలి తను యార్డులోకి వచ్చి, చిన్నమ్మాయిని పిలిచి, మనుషుల్ని పెట్టి ఉప్పు బస్తాలు తీయించింది, మూత పెట్టించింది. తిరిగొచ్చేసరికి వరండా బల్లమీద లాజరు పడుకుని ఉన్నాడు. పట్టపగలు ఆయన పడుకోగా ఈ ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు. నోరు కాస్త తెరిచి, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, గాఢంగా. పక్కన నేలమీద సంపూర్ణమ్మ కూర్చుని తువ్వాలుతో విసురుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎన్నాళ్ళైందో అమ్మగారూ ఇలా పడుకుని" అంది గుసగుసగా. "ఇంట్లో కూడా కళ్ళు మూసుకునేవాడు గాని నిద్రపోయేవాడు కాదండి. గోడ అవతల్నుంచి గాలొస్తే లేచి కూర్చునేవాడు. నేనింకా పాపం వయసేమో అనుకున్నానండి."

సూర్యావతి కుర్చీ తెచ్చుకుని గుమ్మంలోనే కూర్చుంది. చెట్టుకింద ఇన్‌స్పెక్టరుగారు క్యారేజీ కడుక్కుంటున్నారు. ఆఫీసు గదిలో ఫోను మోగింది. రెండోసారి మోగకముందే గబగబా వెళ్ళి అందుకుంది. పల్లంరాజు. చెరువులో రొయ్యలు పట్టేశారట, ట్రేలు గట్టుమీద ఉన్నాయట, ఐసు లారీ ఇంకా రాలేదేంటని.

"మిషను ఆపేశామండి" అంది సూర్యావతి. "డబ్బాల్లో ఉన్నంతవరకు పంపిస్తాను. ఆ తర్వాత మండపేట వైపు నుంచి తెప్పించుకోండి. వారం పడుతుంది మాకు."

అవతల పల్లంరాజు గొంతు ఫోనులోంచి బయటికి వచ్చి వరండా దాకా వినబడుతోంది. ఏప్రిల్లోనా వదినా, ఎవరాపమన్నారు, ఆ ఇన్‌స్పెక్టరా, నేను మాట్లాడతాను, అసలు ఏం కారిందని, ఏం పేలిందని. బల్లమీద లాజరు కదిలాడు. సంపూర్ణమ్మ విసరడం ఆపి ఇటు చూసింది.

సూర్యావతి అతని గొంతు బయటికి వినబడకుండా రిసీవరు చెవివైపు అరిచెయ్యి అడ్డం పెట్టి, గోడవైపు తిరిగింది.

"ఏమీ కాలేదండి మరిదిగారూ. కాస్త మెల్లగా మాట్లాడండి, ఇక్కడ మనిషి పడుకున్నాడు."